మూడో అడుగు

కాలేజీలో పరీక్షల హాలు అని పేరేగాని, ఏడాదిలో రెండు నెలలు తప్ప అందులో పరీక్షలు జరిగేవి కావు. మిగిలిన పది నెలలూ మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం అయిదింటికి అక్కడ కరాటే నేర్పేవారు. ఇది జరిగి నలభై ఏళ్ళు కావస్తున్నా, తడిగుడ్డతో అప్పుడే తుడిచిన గచ్చు వాసన ఎక్కడైనా ముక్కుకు తగిలితే, అతనికి ముందుగా ఆ హాలు గుర్తుకు వస్తుంది; తాను ఎక్కడ నిలబడి ఉన్నాడో ఆ తరువాత గుర్తుకు వస్తుంది.

అప్పుడతనికి పద్దెనిమిదేళ్ళు. కాలేజీలో చేరిన మొదటి రోజునే మెడలో కొలతల టేపుతో క్లాసుకు వెళ్ళాడు. పొద్దున నాన్న కుట్టు దుకాణంలో ఒక పెద్దమనిషికి భుజాల కొలత పట్టి, టేపు తీయడం మరచి, అలాగే బస్సెక్కేశాడు. లెక్చరరు హాజరు పుస్తకం మూసి, "ఏం బాబూ, నన్ను కొలిచి పోదామని వచ్చావా?" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. ఆ రోజు నుంచి కాలేజీ విడిచేదాకా అతని పేరు టేపు. సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకు వంగి నడిచే మనిషికి ఆ పేరు అతికినట్టు సరిపోయిందని, పెట్టినవాళ్ళు తమను తామే మెచ్చుకున్నారు.

ఆ వంగడం పుట్టుకతో వచ్చింది కాదు. ఎనిమిదో ఏట నుంచీ సాయంత్రాలు దుకాణంలో పీట మీద కూర్చుని, ఒళ్ళో ఎవరిదో చొక్కా పరచుకుని, కాజాలు కుట్టగా కుట్టగా వెన్ను ఆ వంపుకు అలవాటు పడింది. నాన్న కత్తిరించి మిషను కుట్టు వేసేవాడు. అమ్మా, అతనూ కాజాలూ, బొత్తాలూ, అంచు మడతలూ చూసేవారు. ఆ వీధిలో నాన్నను అందరూ మాస్టారు అనేవారు. మాస్టారు తేదీ చెబితే ఇక ఆ తేదీకి తిరుగులేదు. వర్షం రానీ, కరెంటు పోనీ, జ్వరం కాయనీ, చెప్పిన రోజుకు బట్ట మడతపెట్టి సిద్ధంగా ఉండేది.

కరాటే క్లాసుకు అతన్ని లాక్కుపోయినవాడు పక్క బెంచీ స్నేహితుడు. వాడు లావుపాటి కుర్రాడు. నవ్వితే గది మోగేది కనుక డ్రమ్ము అనేవారు.

"ఒళ్ళు తగ్గాలని డాక్టరు చెప్పాడ్రా. ఒక్కణ్ణే వెళ్తే నవ్వుతారు. నువ్వు పక్కన నిలబడు, చాలు."

"నేనుంటే నవ్వరా?"

"నవ్వుతారు. కానీ ఎవర్ని చూసి నవ్వాలో తెలీక తికమకపడతారు."

ఎగిరి తన్నడమూ, పెంకులు పగలగొట్టడమూ ఉంటాయని వెళ్ళిన ఆ ఇద్దరికీ మొదటిరోజు బల్లలు మోసే పని తగిలింది. హాల్లో ఉన్న అరవై బల్లలనూ గోడవారకు చేర్చాలి. తరువాత ఆరుగురు చొప్పున వరసలో వంగి, తడిగుడ్డ మీద రెండు చేతులూ ఆనించి, ఈ గోడ నుంచి ఆ గోడకు పరుగెత్తుతూ నేల తుడవాలి. నడుముకు నల్లపట్టీ కట్టే సీనియర్లయినా, నిన్న చేరినవాళ్ళయినా ఆ పనికి మినహాయింపు లేదు.

"ఇది మా అమ్మ ఇంట్లో ఊరికే నేర్పేది కదరా," అని డ్రమ్ము రొప్పుతూ గొణిగాడు.

నేర్పే సారు పగలంతా ఆ కాలేజీలోనే రసాయనశాస్త్రం ల్యాబులో గాజుసామాను అప్పగించి, తిరిగి లెక్కచూసుకునే ఉద్యోగి. పొట్టి మనిషి. గొంతు పెంచడం ఎరగడు. బీకరు అంచున గోరంత బీటను ఎంత దూరం నుంచి పసిగట్టేవాడో, వదులైన మోచేతిని అంత దూరం నుంచీ పసిగట్టేవాడు. మొదటి సాయంత్రమే టేపు వెనక వచ్చి నిలబడి, రెండు రెక్కల ఎముకల నడుమ ఒక్క వేలు ఆనించాడు.

"ఇక్కడ తలుపు మూసుకుపోయింది బాబూ. తియ్యి."

అతను భుజాలు వెనక్కి లాగాడు.

"భుజాలు కాదు. తలుపు."

ఆ తలుపు తెరుచుకోవడానికి నెల పట్టింది. ఆ నెలంతా చేసింది నిలబడటమే: ఒక కాలు ముందుకు, మోకాలు వంచి, రెండోది వెనక్కి, నిటారుగా, పాదాలు రెండూ నేలకు అతుక్కుని. ఆ తరువాత అడుగు. ఆ తరువాత అడుగుతోపాటు పిడికిలి. ఒక్కొక్కరు వంతుల వారీగా జపాను భాషలో పది దాకా లెక్కపెట్టాలి. ఆరు తరువాత ఏమొస్తుందో డ్రమ్ముకు ఎన్నటికీ గుర్తుండేది కాదు; గుండెలనిండా ఊపిరి తీసుకుని "ఏడు!" అని అరిచేవాడు. ఇరవైమందీ ఆ ఏడుకే పిడికిలి విసిరేవారు. సారు పెదవి చివర కదిలేది.

నలభై పాదాలు ఒక్కసారిగా తడి ఆరిన నేల మీద పడినప్పుడు వచ్చే ఆ చప్పుడు, పడమటి కిటికీల్లోంచి గచ్చు మీద ఏటవాలుగా పరచుకునే ఆ ఎండ, అరికాళ్ళకు మొదట చల్లగా తగిలి తరువాత వెచ్చబడే ఆ నేల: ఇవన్నీ అతనికి ఎవరో ఇచ్చిన ఆస్తిలా అనిపించేవి. ఆ గంటన్నరలో అతను ఎవరి చొక్కా మీదకూ వంగనక్కరలేదు. తన ఒంటికి ఒక పొడవు ఉందనీ, దాన్ని పూర్తిగా వాడుకోవచ్చుననీ పద్దెనిమిదేళ్ళకు తెలిసింది.

అయితే ఈ వైభోగం నాన్న పెట్టిన షరతు మీద నిలిచి ఉంది.

"కరాటేనా? ఎవరితో తగాదా పెట్టుకున్నావురా?" అని నాన్న మొదటిరోజే అడిగాడు.

"ఎవరితోనూ లేదు నాన్నా."

"మరి?"

దానికి జవాబు అమ్మ చెప్పింది.

"కూర్చుని చేసే పనికే నడుం పట్టేసిందని మూలుగుతాడు. వీడికి ఎగిరి తన్నే చదువు! నేల విడిచి సాము అంటే ఇదే."

"నేల విడవనివ్వరమ్మా. మూడు నెలల దాకా పాదం ఎత్తనివ్వరట."

"పాదం ఎత్తకుండా తన్నడమేమిట్రా? అదేదో మీ నాన్నకూ నేర్పు, మిషను తొక్కకుండానే కుట్టేస్తారు."

నాన్న నవ్వలేదు. టర్ము ముగిసేనాటికి ఒక బడికి బట్టలు అందించాలి. యూనిఫారం చొక్కాలు మూడు వందలు ఒప్పుకుని ఉన్నాడు.

"చూడూ, ఒక టర్ము వెళ్ళు. చివర పరీక్ష ఉందన్నావుగా? పాసైతే తరువాత కూడా వెళ్ళు, నేనడ్డు చెప్పను. తప్పితే మాత్రం మంగళవారమూ లేదు, శుక్రవారమూ లేదు. బుద్ధిగా వచ్చి పీట మీద కూర్చోవాలి. సరేనా?"

"సరే నాన్నా."

"మాటంటే మాటే."

పరీక్ష అంటే తెల్లపట్టీ నుంచి పసుపుపచ్చ పట్టీకి. దానికి ఒక కటా చేసి చూపాలి. ఎదురుగా శత్రువులున్నట్టు భావించి, నిర్ణయించిన వరసలో అడ్డుకుంటూ, గుద్దుతూ, తిరుగుతూ చేసే కదలికల పాఠాన్ని కటా అంటారు; వీళ్ళు చేయవలసినదానికి ఇరవై కదలికలు. నడిచిన దారిని నేల మీద గీస్తే పైనొక అడ్డగీత, కిందొక అడ్డగీత, వాటి నడుమ ఒక నిలువుగీత వస్తాయి. నిలువుగీత మీద ముందుకు మూడు పెద్ద అడుగులు, తిరిగి వచ్చేటప్పుడు మూడు. అడుగులన్నీ సమానంగా పడితే, మొదలుపెట్టినచోటికే వచ్చి ఆగుతాడు మనిషి.

ఆ ఆగేచోటు విషయంలో సారుకు ఒక పద్ధతి ఉండేది. మొదలుపెట్టే ముందు విద్యార్థి పాదాల చుట్టూ సుద్దతో గీత గీయించేవాడు. కటా ముగిసేసరికి రెండు పాదాలూ ఆ గీతల లోపల ఉండాలి. పరీక్షలో పాసూ, ఫెయిలూ నిర్ణయించేది ఆ గీతే. "మీ పిడికిలి ఎంత బలమైందో నాకక్కర్లేదు. బయల్దేరినవాడు ఇంటికి చేరాడా, అంతే," అనేవాడు.

టేపు తెల్లవారుజామునే లేచి దుకాణంలో సాధన చేసేవాడు. ఇంటి ముందుగదే దుకాణం; అది రైలుపెట్టెలా పొడుగ్గా ఉండేది. వీధి తలుపు ఒక కొసన. రెండో కొసన ఇస్త్రీ బల్ల. ఒక పక్క కత్తిరింపు బల్ల, మరో పక్క రెండు మిషన్లు. పక్కలకు వేయవలసిన అడుగులకు అక్కడ చోటు లేదు. వాటిని రెండు వైపులా కుదించుకుని, హాల్లో మాత్రం సాచి వేసేవాడు. నిలువుగీతకు ఆ పొడవు సరిగ్గా చాలుతుందనుకున్నాడు. రెండు నెలలు ఒక్క పొద్దు తప్పకుండా చేశాడు. కలలో లేపి అడిగినా చేసేటంత వచ్చిందని నమ్మకం కుదిరింది.

ఆ నమ్మకం మీద మొదటిసారి సుద్దగీత గీసింది బ్రౌన్‌బెల్టు అక్క. లెక్కల శాఖలో పెద్ద చదువు చదువుతూ, కొత్తవాళ్ళకు పాఠం చెప్పే సీనియరు ఆవిడ. కటా ముగించి అతను కిందికి చూసుకునేసరికి, తన పాదాల గుర్తులు తనకు మూరెడు ముందు ఖాళీగా ఉన్నాయి.

"ఏమోయ్ టేపూ, నీకే కొలత తప్పిందేమిటోయ్?" అందావిడ.

మళ్ళీ చేశాడు. మళ్ళీ మూరెడు వెనక. మూడు వారాలపాటు ప్రతిసారీ అంతే. వెంట్రుకవాసి అటూ ఇటూ లేదు. పక్కన డ్రమ్ము తూలుతూ, ఆయాసపడుతూ, తిరగవలసిన చోట రెండోసారి తిరిగి కూడా తన గీతలో తాను పడేవాడు.

"నీకెలా కుదురుతోందిరా?"

"నాకేం తెలుసు? గీత పెద్దది కదా, నా పాదాలకి గీసింది."

పరీక్ష పదిహేను రోజుల్లోకి వచ్చింది. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుని, చివరికి అతనొక ఉపాయం కనిపెట్టాడు. మూరెడు వెనక పడుతున్నాడు గదా. తిరిగి వచ్చే మూడడుగుల్లో చివరిదాన్ని మూరెడు తగ్గిస్తే? తగ్గించాడు. పాదాలు గీతల్లో ఒదిగిపోయాయి. అక్క చప్పట్లు కొట్టింది. ఆ రాత్రి అతనికి హాయిగా నిద్రపట్టింది.

పరీక్ష ఇక ఐదు రోజులుందనగా, ఒక తెల్లవారుజామున నాన్న నీళ్ళ గ్లాసుతో లోపలి గది గుమ్మంలో నిలబడి చూశాడు. కటా పూర్తయింది. అతను మొదలుపెట్టినచోటే ఉన్నాడు. ఈ మధ్య అక్కడ కూడా సుద్దగీత గీసుకుంటున్నాడు. నాన్న గ్లాసు కింద పెట్టాడు.

"అటు వెళ్ళేటప్పుడు ఎన్ని అడుగులు?"

"మూడు నాన్నా."

"ఇటు?"

"మూడే."

"అన్నీ సమానమేనా?"

"సమానమే. చూడండి, పాదాలు గీతలోనే ఉన్నాయి."

నాన్న మెడలోంచి టేపు తీశాడు. "మళ్ళీ చెయ్యి. నేను ఆగమన్నచోట ఆగు," అన్నాడు. ప్రతి అడుగుకూ ఆపి, బట్ట మీద గీసే సుద్దబిళ్ళతో నేల మీద గుర్తు పెట్టాడు. తరువాత మోకాళ్ళ మీద కూర్చుని, బట్టను కొలిచినంత శ్రద్ధగా ఆ నేలను కొలిచాడు. అంగుళాల్లో కొలిచిన ప్రతి అంకెనూ, అలవాటు కొద్దీ, పైకి చదివాడు.

"ముప్ఫైనాలుగు. ముప్ఫైనాలుగు. పదహారు." తిరిగి వచ్చే దారి కూడా కొలిచాడు. "ముప్ఫైనాలుగు. ముప్ఫైనాలుగు. పదహారు."

అతను నోరు తెరిచాడు. తిరిగి వచ్చే మూడో అడుగు కురచ అని తెలుసు. అది తన ఉపాయమే. వెళ్ళే మూడో అడుగు కూడా కురచ అని తెలియదు.

"అక్కడ ఏముందో చూడు," అన్నాడు నాన్న.

అక్కడ ఇస్త్రీ బల్ల ఉంది. దాని ఇనుప కాలు మోకాటి చిప్పకు తగులుతుందని మూడు నెలలుగా మూడో అడుగు దగ్గర కాలు తనంతట తానే ముడుచుకుంది. ఎటు చూసినా యాభై అడుగులు ఖాళీగా ఉన్న హాల్లో కూడా, ఆ లేని బల్లకు భయపడి, అలాగే ముడుచుకుంటూ వచ్చింది.

"ముందు ముక్క కురచగా కత్తిరించావు. తెలీదు, పోనీ. తరువాత ఏం చేశావు? వెనక ముక్కని దాని పక్కన పెట్టి, దాన్నీ అంతే కురచగా కోసేశావు. అంచు కలవకేం చేస్తుంది? కలుస్తుంది. తొడుక్కున్నవాడు చెయ్యెత్తితే బొడ్డు బయటపడుతుంది."

"సారు చూసేది పాదాలు గీతలో పడ్డాయా లేదా అనే నాన్నా."

"చొక్కా పట్టుకెళ్ళేవాడు చూసేదీ అంచే. కుట్టినవాడికి తెలీదూ?"

ఆ మాటకు అతను తలదించుకున్నాడు. నాన్న లేచి, ఇస్త్రీ బల్ల ఒక కొస పట్టుకుని, "పట్టు," అన్నాడు. దుకాణం తెరిచిన నాటి నుంచీ ఆ బల్ల అక్కడ నుంచి కదలలేదు. కాళ్ళ కింద ఎత్తు సరిచేయడానికి పెట్టిన గుడ్డపీలికలు నేలకు అంటుకుపోయి ఉన్నాయి. ఇద్దరూ దాన్ని వీధి మెట్టు మీదకు చేర్చారు. చప్పుడుకు అమ్మ జుట్టు ముడేసుకుంటూ వచ్చింది.

"తెల్లారకుండానే సామాను వీధిలో పెడుతున్నారు! ఇల్లు ఖాళీ చేస్తున్నామా ఏమిటి?"

"వీడి మూడో అడుగుకి చోటు చాల్లేదు."

అమ్మ నేల మీది సుద్దగుర్తులూ, కొడుకు ముఖమూ, వీధిలో బల్లా చూసింది. సంగతి ఆవిడకు అర్థమైంది.

"ఏమండీ, నాకు తెలీకడుగుతాను. వాడు తప్పితే వారానికి రెండు సాయంత్రాలు మీకే కలిసొస్తాయి. మూడు వందల చొక్కాలు కొండలా కూర్చున్నాయి. మీ చేత్తో మీరే వాడికి దారి చేసిపెడుతున్నారే!"

"తప్పితే తప్పనీ," అన్నాడు నాన్న. "నా దుకాణంలో కురచ చొక్కా మాత్రం వద్దు."

ఐదు తెల్లవారుజాములు ఆ బల్ల వీధిలోకి వెళ్ళింది. ఐదు పొద్దులు తిరిగి లోపలికి వచ్చింది. వెళ్ళే మూడో అడుగు మెల్లగా పొడవు తేరింది. తిరిగి వచ్చేదాంతోనే పేచీ. ఉపాయం కోసం అతనే పనిగట్టుకుని నేర్పిన కురచతనం అది, పొమ్మంటే పోలేదు. బద్ధకించినప్పుడల్లా మోకాలు దానివైపే మొగ్గేది.

పరీక్షనాడు హాల్లో అలికిడి లేదు. సారు కిటికీ కింద కుర్చీలో కూర్చున్నాడు. ఒక్కొక్కరినే పిలుస్తున్నారు. డ్రమ్ము వెళ్ళి, అడుగడుగుకూ నేల అదరగొట్టి, చెమటలు కక్కుతూ వచ్చి, సరిగ్గా తన గీతల్లో పడ్డాడు. తరువాత టేపు.

అక్క గీత గీసింది. సుద్ద చల్లగా కాలివేళ్ళ పక్కనుంచి పోయింది. మొదటి తిరుగుడు, అడ్డు, అడుగు, పిడికిలి. వెన్ను నిటారుగా నిలిచింది. నిలువుగీత మీద ఒకటి, రెండు, మూడు: మూడో అడుగు సాగి, పూర్తిగా పడింది. లేని బల్ల లేకుండా పోయింది. ఆ అడుగుతోపాటు వేయవలసిన అరుపు అతని గొంతులోంచి అతనికే తెలియనంత బలంగా వచ్చింది. పై అడ్డగీత. మళ్ళీ నిలువుగీత, ఇంటిదారి. ఒకటి. రెండు. మూడో అడుగు గాల్లో ఉండగా మోకాలు పాత మాట విని ముడుచుకోబోయింది. అతను ముందుకు తోశాడు. కొంత గెలిచాడు, కొంత ఓడాడు.

పాదం నేలకు ఆనగానే తెలిసిపోయింది. చూడనక్కరలేదు. నాలుగువేళ్ళు తక్కువ.

ఇంకా రెండు పక్కల తిరుగుళ్ళు మిగిలి ఉన్నాయి. ఆ తిరుగుళ్ళలో పాదం నేల మీద అర్ధచంద్రంలా జారుతుంది. జారేటప్పుడు నాలుగువేళ్ళు వెనక్కి జరిపితే ఎవరూ కనిపెట్టలేరు. బ్రౌన్‌బెల్టు అక్కకు కూడా అంతుపట్టదు. మంగళవారాలన్నీ, శుక్రవారాలన్నీ ఆ నాలుగువేళ్ళ మేరలో ఉన్నాయి. మొదటి తిరుగుడు అయింది, జరపలేదు. రెండోది వచ్చింది. పాదం జారుతుండగా, దుకాణంలో మోకాళ్ళ మీద కూర్చుని అంకెలు పైకి చదువుతున్న మనిషి కళ్ళముందు మెదిలాడు. పాదం పడవలసినచోటే పడింది. చివరి పిడికిలి విసిరి, ఎడమకాలు వెనక్కి తీసుకుని నిలబడ్డాడు. గీతలు అతని మడమలకు నాలుగువేళ్ళు వెనగ్గా ఉన్నాయి.

సారు లేచి వచ్చాడు. కిందికి చూశాడు. అక్క చేతిలోంచి సుద్దముక్క తీసుకుని, వంగి, అతని పాదాలు ఉన్నచోట ఉన్నట్టే వాటి చుట్టూ రెండో గీత గీశాడు. లేచి, రెండు జతల గుర్తుల మధ్య ఎడాన్ని కాసేపు చూశాడు.

"చివర రెండు తిరుగుళ్ళున్నాయిగా. జరపలేదేం?" అని అతనికి మాత్రమే వినబడేలా అడిగాడు.

"తెలిసిపోతుంది సార్."

"ఎవరికి? నాకా?"

అతను తడబడ్డాడు. "మా నాన్నకి సార్."

సారు తలుపు వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు.

"మీ నాన్నగారు కరాటే చేసేవారా?"

"లేదు సార్. టైలరు."

సారు పెదవి చివర కదిలింది. "తెల్లపట్టీయే," అన్నాడు. "వచ్చే టర్ములో మళ్ళీ చూద్దాం." తరువాతి పేరు పిలిచారు.

వచ్చే టర్ము ఉందో లేదో చెప్పవలసినవాడు సారు కాదు. డ్రమ్ము కొత్త పసుపుపచ్చ పట్టీని చొక్కాలో దాచుకుని, బస్సుస్టాపు దాకా ఒక్క జోకైనా వేయకుండా పక్కన నడిచాడు. వాడి జన్మలో అంత మౌనం అదొక్కసారే.

ఇంట్లో అతను రెండే మాటల్లో చెప్పాడు: "పోయింది నాన్నా." నాన్న తలూపాడు. అమ్మ కంచం పెట్టింది. ఆ తరువాత మూడు రోజులు ఆ ప్రస్తావన రాలేదు. మాటంటే మాటే. అది ఇద్దరిదీ.

మంగళవారం నాలుగున్నరకు అతను పీట మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా అమ్మ. మధ్యన తెల్ల యూనిఫారం చొక్కాల గుట్ట. ఒళ్ళో ఉన్న చొక్కాకు మూడో కాజా కుడుతున్నాడు. మిషను చప్పుడు ఆగింది.

"ఎంత తేడాతో పోయింది?" అన్నాడు నాన్న, అటు తిరిగే.

అతను నాలుగువేళ్ళు చూపాడు. తిరిగి చూడని మనిషికి వేళ్ళు చూపి లాభం లేదని గ్రహించి, "నాలుగువేళ్ళు," అన్నాడు.

"ముందుకా, వెనక్కా?"

"ముందుకి. తిరిగొచ్చే మూడోది పూర్తిగా పడలేదు."

"వెళ్ళేది?"

"పడింది."

"సర్దలేదూ?"

"సర్దలేదు నాన్నా."

నాన్న మిషను చక్రం మీద చెయ్యి ఆనించాడు.

"పాతికేళ్ళ నుంచి కుడుతున్నాను. మొదటి ట్రయలుకే ఒంటికి పట్టిన కోటు నా చేతి మీద ఒక్కటీ రాలేదు," అన్నాడు. ఆ మాట మిషనుతో చెప్పినట్టు చెప్పాడు. తరువాత ఇటు తిరిగాడు. "ఇవాళ మంగళవారం కదూ? ఇంకా కూర్చున్నావేం?"

అతనికి వెంటనే అర్థం కాలేదు. "మనం అనుకున్నది..."

"అనుకున్నది నేనే కదా. నేనే అంటున్నాను. లే."

"బాగుంది వరస!" అంది అమ్మ. "వాడు లేస్తే ఈ గుట్ట ఎవరు దింపుతారు? నాకున్నవి రెండు చేతులేనండీ, పది కావు. శుక్రవారానికి ఇస్తానని తేదీ చెప్పింది మీరే."

నాన్న మిషను ముందు నుంచి లేచి వచ్చి, కొడుకు ఒళ్ళోంచి చొక్కా తీసుకుని, ఆ పీట మీద తాను కూర్చున్నాడు.

"మంగళ, శుక్రవారాలు నేను చేస్తాను."

"మీరా? కాజా కుట్టి పదిహేనేళ్ళయింది! సూదిలో దారం ఎక్కుతుందా అసలు?"

"ఎక్కకపోతే నిన్నే పిలుస్తాను. ఎక్కడికి పోతావు?"

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అతను చెప్పులు వేసుకుని, సంచి భుజాన తగిలించుకుని, గుమ్మం దగ్గర ఆగాడు. నాన్న కళ్ళద్దాలు నుదుటి మీదకు తోసి, సూదిని వీధి వెలుగుకేసి ఎత్తి పట్టుకున్నాడు. దారం కొస తడిచేసి, పెదవులు బిగించి, గురిచూసి పంపాడు. పక్కకు పోయింది. కొస కత్తిరించి మళ్ళీ పంపాడు. మళ్ళీ పక్కకే. అతని చెయ్యి తనంతట తానే ముందుకు కదిలింది. అమ్మ కళ్ళతోనే వద్దంది.

నాన్న మూడోసారి దారం కొస తడిచేసుకున్నాడు.

"చూస్తూ నిలబడతావేంరా," అన్నాడు సూది మీద నుంచి చూపు తిప్పకుండానే. "అయిదవుతోంది, వెళ్ళు."